నీలం చొక్కాకు కాపలా కాసిన తాళం

నేను ఒక తాళంకప్పను. ఇత్తడి ఒళ్ళు, ఇనుప కొంకి, కడుపులో నాలుగు మీటలు. అనుమానించడం నా వృత్తి. కంసాలి బంగారాన్ని చూసినట్టు నేను మనుషుల చేతుల్ని చూస్తాను. గీటురాయి మీద గీస్తేగాని నమ్మను, గీశాక కూడా కొంచెం ఆలోచిస్తాను. లోకంలో మంచివాళ్ళు చాలామంది ఉన్నారని వింటూనే ఉంటాను. ఉంటే ఉండనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ మంచివాళ్ళ కోసం ఎవరూ నన్ను కొనరు గదా.

పుట్టింది తమిళదేశంలో, దిండిగల్‌లో. నన్ను చేసిన ముసలాయన అరుగు మీద కూర్చుని, మీటల్ని ఒక్కొక్కటే ఆకురాయితో రాసి, తాళంచెవి దూర్చి తిప్పి, తృప్తి కలక్క మళ్ళీ రాశాడు. అంతా అయ్యాక పక్కింటాయన చేతికిచ్చి, "నీ దగ్గరున్న చెవులన్నీ దూర్చి చూడు" అన్నాడు. ఆయన చూశాడు. నేను తెరుచుకోలేదు. మా ముసలాయన సంతోషించలేదు సరిగదా, పక్కింటాయన నిజంగా అన్ని చెవులూ దూర్చాడా, కొన్ని దాచుకున్నాడా అని ఆరా తీశాడు. అనుమానం నాకు ఉగ్గుపాలతో పెట్టిన విద్య అని ఇందుకే చెబుతున్నాను.

విశాఖపట్నం పాత ఊళ్ళో నన్ను మొదట కొన్నది కామయ్యశెట్టి అనే బియ్యం వ్యాపారి. ఆయన కొట్టు మూసి, నన్ను బిగించి, గుంజి చూసేవాడు. వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చి మళ్ళీ గుంజేవాడు. పెళ్ళాన్ని పిలిచి ఆవిడ చేత గుంజించేవాడు. తీరా ఆవిడ గుంజితే, "అంత గట్టిగా లాగావు, వదులైపోయిందేమోనే" అని మరోసారి తనే గుంజేవాడు. నేనుండగా ఆ కొట్లో బియ్యాన్ని ఒక్క దొంగ కూడా ముట్టుకోలేదు. ఎలకలు తిన్నాయి. ఎలకలకి నాతో పని లేదు, అవి వెనకనుంచి వచ్చేవి.

శెట్టిగారు పోయాక కొడుకులిద్దరూ ఆస్తి పంచుకున్నారు. సామాన్ల గది ఒక్కటే తెగలేదు. పెద్దాయన దానికి నన్ను వేశాడు. చిన్నాయన నా పక్కనే ఇంకో తాళం వేశాడు. ఏళ్ళ తరబడి ఒకే గడియకి ఇద్దరం వేలాడాం గాని, ఆ రెండోదానితో నేను పలకరింపుకి కూడా పోలేదు. ఎవరి మనిషో ఏమో. చివరికి పెద్దమనుషులు కూర్చుని గది తెరిపిస్తే లోపల పురుగుపట్టిన గోనెలు, విరిగిన కాటా, ఒక మూట పాతబట్టలు ఉన్నాయి. అన్నదమ్ములిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అసలు సరుకు అవతలివాడు ముందే దాటించేశాడని ఇద్దరికీ గట్టి నమ్మకం. నన్నడిగితే చెప్పేవాణ్ణే. ఎవరూ అడగలేదు. చిన్నకోడలు ఆ బట్టల మూటలోనే నన్నూ నా రెండు చెవుల్నీ పడేసి, "నీడపట్టుకి ఇచ్చెయ్యండి, పుణ్యం" అంది.

నీడపట్టు అంటే హార్బరు దగ్గర ఒక పాత గోడౌనులో నడిచే సేవాసంఘం. గాలి అటు తిరిగితే చేపల వాసన, ఇటు తిరిగితే టీ వాసన. మునిసిపల్ స్కూల్లో రిటైరైన మార్తమ్మ టీచరు దాన్ని మొదలుపెట్టింది. పొద్దున్నే ముసలివాళ్ళు వస్తారు. ఎవరో ఒక నర్సమ్మ వచ్చి బీపీ చూస్తుంది, పేపరు చదువుకుంటారు, క్యారమ్స్ ఆడుతూ చిన్నపిల్లల్లా దెబ్బలాడుకుంటారు. మధ్యాహ్నం పిల్లలు కంప్యూటరు నేర్చుకోవడానికి వస్తారు. ఉద్యోగాల్లేనివాళ్ళకి మాత్రం వేళంటూ లేదు, ఎప్పుడు పడితే అప్పుడు వస్తారు. అందరికీ టీ ఊరికే.

ఊరికే ఎందుకిస్తారు? ఇది నన్ను చాలాకాలం పీడించింది. శెట్టిగారి కొట్లో ఊరికే ఇచ్చింది ఒక్కటే, సలహా. మార్తమ్మ టీచరు ఏదో లోపాయికారీగా వెనకేసుకుంటోందని నా అంచనా. కనిపెడుతూనే ఉన్నాను, ఇంతవరకూ ఏమీ దొరకలేదు. దొరకలేదంటే లేదని కాదు. ఇక దాతల సంగతి చెప్పనక్కర్లేదు. డజను అరటిపళ్ళు తెచ్చి, వెనకాల బ్యానరు కట్టి, ముసలివాళ్ళని వరసగా నిలబెట్టి, ఫోటో బాగా వచ్చిందాకా పండు చేతిలోంచి వదలని మహానుభావుల్ని చూశాను. బట్టలిచ్చేవాళ్ళు జిప్పుల్లేని ప్యాంట్లు ఇస్తారు. పాపం, జిప్పు వాళ్ళకి ఇంకా పనికొస్తుంది కాబోలు.

ఆ బట్టల్ని మనుషులు వేసుకునేట్టు చేసేది లతీఫ్ సాయిబు. ఒకప్పుడు ఆయనకి సొంత టైలరు షాపు ఉండేది. రెడీమేడ్లు వచ్చాయి, షాపు పోయింది, కళ్ళు మసకబారాయి. ఇప్పుడు నీడపట్టులో కిటికీ పక్కన ఒక కుట్టుమిషను, ఒక కుర్చీ ఆయనవి. సంచుల్లో వచ్చిన చొక్కాల్లో మంచివి ఏరి, బొత్తాలు కుట్టి, కాలర్లు తిప్పి, ఇస్త్రీ చేయించి ఒక ఇనప బీరువాలో వేలాడదీస్తాడు. ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళు వచ్చి ఆయన ముందు నిలబడితే, కొలిచి, అప్పటికప్పుడు బిగించో వదులు చేసో తొడిగి పంపిస్తాడు. పని అయ్యాక చొక్కా తిరిగి ఇచ్చెయ్యాలి. అక్కడి పద్ధతి అది.

పద్ధతి అన్నాక తప్పేవాళ్ళుంటారు. ఇంటర్వ్యూకని తీసుకెళ్ళిన చొక్కా మేనమామ పెళ్ళి భోజనానికి వెళ్ళి పప్పుచారు మరకతో తిరిగొచ్చింది. ఇంకో రెండు అసలు రానేలేదు. సంఘానికి కార్యదర్శి విశ్వేశ్వరంగారు. పెద్ద కంపెనీ స్టోర్సులో జీవితమంతా పనిచేసి రిటైరైన మనిషి. తన పెళ్ళిలో మంగళసూత్రం కూడా పుచ్చుకున్నట్టు సంతకం తీసుకునే ఇచ్చి ఉంటాడని మార్తమ్మ టీచరు వేళాకోళం చేసేది. ఆయన మా మూట విప్పుతూ నన్ను చూశాడు. చేతిలోకి తీసుకుని గుంజాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. చాలాకాలానికి నా మనిషి దొరికాడు.

అలా నేను బీరువాకెక్కాను. ఒక చెవి విశ్వేశ్వరంగారి జేబులో, రెండోది సాయిబు దగ్గర. సముద్రపు గాలికి నాకు తుప్పు పడుతుందని సాయిబు వారానికోసారి కొబ్బరినూనెలో దూది ముంచి నా కొంకికి రాసేవాడు. తెరిచే ముందు పై పంచెతో తుడిచేవాడు. అంత మర్యాదగా నన్ను ఎవరూ ముట్టుకోలేదు. ఒక్క మాట ముందే చెప్పాలి. తాళానికి చూపు ముందుకే గాని లోపలికి ఉండదు. ఏ సొత్తుకి కాపలా కాస్తున్నానో ఆ సొత్తు మొహం నేనెన్నడూ చూసుకోలేను. వచ్చేటప్పుడు చూడాలి, పోయేటప్పుడు చూడాలి, అంతే.

ఇక నీలం చొక్కా. ఆకాశం రంగు, సన్నటి తెల్ల గీతలు. ఎవరి సంచిలో వచ్చిందో తెలియదు. దాన్ని మొదట తొడుక్కున్న కుర్రాడికి బట్టల షోరూములో ఉద్యోగం వచ్చింది. తర్వాతవాడికి మందుల షాపులో. ఆ తర్వాత, పని పోయి, భార్య పోయి, గడ్డం మాసి వచ్చిన ఒకాయనకి లాడ్జిలో గుమాస్తాగా. దాంతో ఆ చొక్కాకి హస్తవాసి ఉందన్న మాట పుట్టింది. పట్నంలో పెద్ద డాక్టర్లకి లేని పేరు దానికొచ్చింది. ఇంటర్వ్యూ పిలుపు వచ్చిన ప్రతివాడూ బీరువా దగ్గరికి వచ్చి, "ఏదైనా పర్లేదండీ" అంటూ కళ్ళతో నీలం చొక్కానే వెతికేవాడు. లావుపాటివాడికి పక్కలు విప్పాలి, సన్నపాటివాడికి మళ్ళీ కుట్టాలి. విప్పీ కుట్టీ ఆ చొక్కా పక్కలు జల్లెడలా తయారయ్యాయి.

ఒకరోజు ఇద్దరికి ఒకే పొద్దున ఇంటర్వ్యూలు వచ్చాయి. ఒకడికి నీలం చొక్కా దక్కింది, ఉద్యోగమూ వచ్చింది. రెండోవాడు తెల్ల చొక్కా వేసుకుని వెళ్ళి, అక్కడ వాళ్ళడిగినదానికి నోరు పెగలక తిరిగొచ్చాడు. సాయిబు ముందు స్టూలు మీద కూర్చుని, "అది లేకుండా ఎల్తే ఇంతేనండి" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. సాయిబు సూదిలోకి దారం ఎక్కించి, కుట్టడం మరిచిపోయి అలాగే కూర్చుండిపోయాడు. ఆయన ఏం ఆలోచిస్తున్నాడో నాకు అంతుపట్టలేదు. పెద్దగా పట్టించుకోలేదు కూడా. అక్కడే పొరపడ్డాను.

ఆ తర్వాత నీలం చొక్కా వేసుకున్నవాడు నూకరాజు. జనపనార మిల్లులో మూటలు మోసేవాడు. మిల్లు మూతపడింది. నలభై దాటిన మనిషి, ఇంట్లో భార్య, పదో తరగతి చదివే కూతురు పావని. మిగతావాళ్ళలా టీ తాగి వెళ్ళిపోడు. కుండల్లో నీళ్ళు పోసేవాడు, మోకాళ్ళ నొప్పుల ముసలమ్మల్ని చెయ్యిపట్టుకుని మెట్లు దించేవాడు, వాళ్ళ సంచులు ఆటోలో పెట్టేవాడు. ఇలా అడక్కుండా పనిచేసేవాళ్ళంటే నాకు మొదట్నుంచీ గుబులే. నీలం చొక్కా తొడుక్కుని ఒక పెట్రోలు బంకుకి ఇంటర్వ్యూకి వెళ్ళాడు. ఉద్యోగం రాలేదు. చొక్కా హస్తవాసి మొదటిసారి తప్పింది.

ఆ వారంలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రి నుంచి మార్తమ్మ టీచరుకి కబురొచ్చింది. దుప్పట్లు, మందులు దాచే స్టోరులో మనిషి కావాలి, చదువు లేకపోయినా ఫర్వాలేదు, నమ్మకస్తుడై ఉండాలి, మీ సంఘం వాళ్ళు ఫోనుచేసి ఒక మాట చెబితే చాలు. టీచరు నూకరాజు పేరు చెప్పింది. అతను ఏమీ అనలేదు గాని, ఆ సాయంత్రం నీళ్ళకుండలు తోమి తోమి వాటి నల్లటి రంగు వదలగొట్టినంత పని చేశాడు.

మర్నాడు విశ్వేశ్వరంగారు బీరువా తెరిచి, చొక్కాలమీద వేలు ఆడించుకుంటూ పోయి, ఆగి, మళ్ళీ మొదటినుంచి వేలు ఆడించాడు. నీలం చొక్కా లేదు.

"నూకరాజూ, చొక్కా ఏదయ్యా?"

"ఇచ్చీసినానండి. సాయిబుగారి సేతికే ఇచ్చినాను. పొద్దున్న తలుపులు ఇంకా తియ్యనేదు, ఈదిలోనే ఇచ్చినాను."

అందరూ కిటికీవైపు తిరిగారు. సాయిబు మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపాడు.

"గుర్తు లేదు సార్," అన్నాడు. "ఇచ్చాడేమో. ఇవ్వలేదేమో. ముసలాణ్ణి, ఏం గుర్తుంటాయి?"

ముసలివాళ్ళ మరుపుని ఎవరూ అనుమానించరు. నాకంటే గట్టి తాళం అది. దానికి చెవి కూడా ఉండదు.

"అదేటండి సాయిబుగారూ, బుజం కాడ సిరిగిపోనాదని సూపించినాను గదా" అన్నాడు నూకరాజు మెల్లిగా. సాయిబు అద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు, అవి ఎంతకీ శుభ్రపడలేదు.

ఇక చూడండి మనుషుల తమాషా. నిన్నటిదాకా నూకరాజు చేతిలో సంచి పెట్టి మెట్లు దిగిన ముసలమ్మలు, అతను దగ్గరికి వస్తే సంచి ఒళ్ళోకి లాక్కున్నారు. తెలిసి లాక్కున్నవాళ్ళు కొందరు, తెలియకుండానే లాక్కున్నవాళ్ళు కొందరు. నిప్పు లేనిదే పొగ రాదన్నారు క్యారమ్స్ దగ్గర. ఉద్యోగం రాలేదు గనక, ఇంకోసారి ప్రయత్నిద్దామని చొక్కా అట్టేపెట్టుకున్నాడన్నారు. నూకరాజు గట్టిగా కాదంటే, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది అన్నారు. ఊరుకుంటే, చూశావా మాట్లాడటం లేదు అన్నారు. మూడోరోజుకి అతను నీళ్ళు పోయడం మానేసి గుమ్మంలోనే నిలబడి టీ తాగడం మొదలుపెట్టాడు. అదీ సగం.

నేనేం తక్కువ తిన్నానా? అతను నా ముందునుంచి వెళ్తే కొంకి బిగబట్టుకునేవాణ్ణి. అయితే నా దగ్గర ఒక చిక్కు ఉంది. నన్ను ఎవరూ విరగ్గొట్టలేదు, దొంగ చెవి పెట్టలేదు. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఒకవేళ విశ్వేశ్వరంగారే తీశాడా? ఆయనకొక మేనల్లుడు ఉన్నాడు, ఉద్యోగం లేదు. మార్తమ్మ టీచరు ఎవరికో జాలిపడి ఇచ్చేసిందా? ఆవిడ జాలికి హద్దు లేదు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక ఇత్తడి కప్పని నేనెంత? అందర్నీ అనుమానించాను. సాయిబుని తప్ప. ఆ వారంలో ఆయన మామూలు కంటే ఎక్కువసార్లు నన్ను తెరిచాడు. చంకనిండా చొక్కాలు తీసుకెళ్ళి, నాకు వీపు పెట్టి కూర్చుని ఏదో కుట్టి, మళ్ళీ తెచ్చి పెట్టాడు. నేను చూస్తూనే ఉన్నాను. కానీ నూనె రాసేవాణ్ణి ఎవరు అనుమానిస్తారు? లంచం అంటే అదేనని నాకు అప్పుడు తట్టలేదు.

మార్తమ్మ టీచరు విశ్వేశ్వరంగారితో వాదించింది. "పాత చొక్కా అండీ అది. ఎవరో వదిలేసింది. దానికోసం మనిషిని వదులుకుంటామా?"

"చొక్కా గురించి కాదు టీచరుగారూ," అన్నాడాయన. "అది ఆసుపత్రి స్టోరు. రేపు అక్కడ దుప్పటి పోయిందనుకోండి, మన మాటకి విలువేం ఉంటుంది? ఆ తర్వాత మనం పంపినవాళ్ళని ఎవరైనా గుమ్మం ఎక్కనిస్తారా? చొక్కా కనపడనివ్వండి, నేనే ఫోను చేస్తాను."

ఆయన మాటలో న్యాయం ఉంది. నేను ఆయన పక్షమే. సాయిబు మిషను మాత్రం ఆ వాదన సాగినంతసేపూ చప్పుడు చెయ్యలేదు.

ఆసుపత్రివాళ్ళు రమ్మన్న రోజు రానే వచ్చింది. పదకొండింటికి ఇంటర్వ్యూ. నూకరాజు తన సొంత చొక్కా వేసుకుని వచ్చాడు. ఉతికి ఉతికి రంగు వెలిసిపోయింది, మెడ దగ్గర దారాలు లేచాయి. గుమ్మం దాటి, క్యారమ్స్ బల్ల పక్కనుంచి నడిచి, విశ్వేశ్వరంగారి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నాకు సొక్కా ఒద్దండి. నాను దొంగని కాదని ఆలకి ఒక్క మాట సెప్పండి సాలు."

"చూడని విషయం నేనెలా చెప్పనయ్యా?" విశ్వేశ్వరంగారి గొంతు కటువుగా లేదు. నిజానికి ఆయన తల ఎత్తి చూడలేకపోయాడు. "నాకు నీమీద కోపం లేదు. చొక్కా కనపడితే ఈ క్షణం చేస్తాను."

"కనపడకపోతేనండి?"

ఆయన ఫోనుని ఇంకొంచెం పక్కకి జరిపాడు. నూకరాజు తలూపి, వెనక్కి తిరిగి గుమ్మం వైపు నడిచాడు. అప్పుడు కిటికీ దగ్గర కుర్చీ జరిగిన చప్పుడైంది.

సాయిబు నా దగ్గరికి వచ్చాడు. ఆ రోజు నన్ను తుడవలేదు. చెవి ఒకపట్టాన రంధ్రంలోకి పోలేదు. ఎలాగో తెరిచి, చేతికందిన చొక్కాలన్నీ ఒక్కసారిగా లాగి విశ్వేశ్వరంగారి బల్లమీద కుప్పపోశాడు. ఒక తెల్ల చొక్కా తీసి కాలరు తిరగేశాడు. కాలరు కింద, మెడకి తగిలేచోట, తమలపాకు చివరంత నీలం గుడ్డ. సన్నటి తెల్ల గీత. ఇంకో చొక్కా తిరగేశాడు. అక్కడా అదే. గోధుమరంగు దానికి, గళ్ళదానికి, పొడుగు చేతులదానికి, పొట్టి చేతులదానికి. అన్నిటికీ లోపల, ఎవరికీ కనపడనిచోట, పొందిగ్గా కుట్టిన నీలం ముక్క.

"ఇదిగో సార్ మీ చొక్కా. ఎక్కడికీ పోలేదు."

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. ఎవడో ఎత్తుకుపోయాడని నేను కోపంతో రగులుతున్న రోజులన్నీ ఆ చొక్కా నా వీపు వెనకే వేలాడుతోంది. దానికి నేనే కాపలా.

సాయిబు బల్ల అంచు పట్టుకుని నిలబడి చెప్పాడు. "ఇతను తెచ్చి ఇచ్చాడు. భుజం దగ్గర చిరిగింది, పక్కలు జల్లెడైపోయాయి. ఇంకొకసారి కుట్టడానికి గుడ్డలో బలం లేదు. పారేస్తే పిల్లల గుండె పగులుతుంది. ఉంచితే కొట్టుకుంటారు. దర్గాలో సమాధి మీద కప్పిన పాత చాదరు తీసేస్తే ఏం చేస్తాం? ముక్కలు చేసి అందరికీ ఇస్తాం, పిల్లల మెడలో కట్టుకుంటారు. మీ గుళ్ళోనూ స్వామి మీది శేషవస్త్రం అలాగే పంచుతారు కదా సార్. మొత్తం ఒక్కడికే ఇస్తే మిగతావాళ్ళు ఏమైపోవాలి? అందుకే కోశాను."

"మరి ఆ రోజే చెప్పచ్చుగా సాయిబుగారూ" అంది మార్తమ్మ టీచరు.

"చెప్తే పనిచెయ్యదనుకున్నానమ్మా. నవ్వుతారనుకున్నాను." ఆయన కిటికీ పక్కన తన కుర్చీవైపు చూశాడు. "సంఘం సొత్తు కోసినందుకు ఆ కుర్చీ తీసేస్తారనుకున్నాను. ఆ కుర్చీ లేకపోతే పొద్దున్న లేచి నేను ఎక్కడికి వెళ్ళాలి? రెండ్రోజుల్లో అందరూ మరిచిపోతారులే అని ఊరుకున్నాను."

విశ్వేశ్వరంగారు ఆ నీలం ముక్కని వేలితో తడిమాడు. గోటితో అంచు లేపి చూశాడు, ఎంతైనా స్టోర్సు మనిషి. తర్వాత ఫోను తీశాడు. నూకరాజు ఎదురుగా నిలబడి ఉండగానే ఆసుపత్రికి చేశాడు. "ఆ అండీ, నూకరాజనీ. నమ్మకస్తుడు. కాదండీ, విన్నది కాదు, నేను చెబుతున్నాను. హామీ నాది." ఆ మాట ఆయన నోటివెంట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. అనేశాక ఆయనకి చెమట పట్టింది.

సాయిబు గళ్ళ చొక్కా ఒకటి తీసి నూకరాజు భుజాలకి ఆనించి కొలవబోయాడు. నూకరాజు వెనక్కి జరిగాడు.

"మా పావని నన్నడిగినాది సాయిబుగారూ," అన్నాడు. అతని గొంతు ఏమాత్రం పెరగలేదు. "నానా, నిజంగా తీసినావా అని. కన్నకూతురండి. నాను కాదన్నాక కూడా ఒక్క రవ్వ నా మొకంలోకి సూసింది. దానికి ఏ ముక్కేసి కుడతారండి?"

సాయిబు గళ్ళ చొక్కాని మళ్ళీ మడిచి బల్లమీద పెట్టాడు. నూకరాజు తన వెలిసిపోయిన చొక్కాతోనే వెళ్ళాడు.

అతనికి ఉద్యోగం వచ్చింది. ఆ కబురు ఫోనులో తెలిసింది, అతను రాలేదు. సాయిబు కుర్చీని ఎవరూ తీసెయ్యలేదు. "మీ కుర్చీ మీద ఎవరికి కన్నుంటుందండీ, ఒక కాలు పొట్టిది" అని మార్తమ్మ టీచరు తేల్చేసింది. విశ్వేశ్వరంగారు నన్ను బిగించడం మానేశాడు. ఎందుకో చెప్పలేదు. బీరువా గడియకి తెరిచినట్టే వేలాడుతున్నాను, సాయిబు నూనె రాయడమూ మానేశాడు, సముద్రపు గాలికి కొంకి ఎర్రబడుతోంది. ఇంటర్వ్యూలకి వెళ్ళే పిల్లలు ఇప్పుడు ఏ చొక్కా ఇచ్చినా పేచీ పెట్టరు. అటు తిరిగి కాలరు కింద వేలితో ఒకసారి తడుముకుంటారు, అంతే. అడిగితే, ఛ, ఇలాంటివి మేం నమ్మమండీ అంటారు.

సాయిబుకి మాత్రం గుమ్మం వైపు చూడటం అలవాటైంది. ఎవరి నీడ పడినా మిషను ఆపి చూసేవాడు. ముసలమ్మలు కూడా సంచులు కింద పెట్టి కూర్చున్నారు గాని, మెట్ల దగ్గరికి వచ్చేసరికి అటూ ఇటూ చూసి, గోడ పట్టుకుని తమంతట తామే దిగేవారు.

వానలు మొదలయ్యాక ఒక సెలవురోజున నూకరాజు వచ్చాడు. చంకలో ఒక ప్యాంటు. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన యూనిఫారం, బొగ్గు రంగు, కాళ్ళ దగ్గర బాగా పొడుగు. ఎవర్నీ పలకరించలేదు. నేరుగా కిటికీ దగ్గరికి వెళ్ళి మిషను మీద పెట్టాడు.

"పొడుగైపోనాదండి. కొంచెం తగ్గించాలి."

సాయిబు అతని మొహంలోకి చూడకుండానే నేల మీద మోకాళ్ళు ఆనించి, టేపుతో కాలు కొలిచాడు. కత్తిరించాడు, మడిచాడు, కుట్టాడు. ఎప్పుడూ చకచకా నడిచే మిషను ఆరోజు చాలా నెమ్మదిగా నడిచింది. మార్తమ్మ టీచరు టీ గ్లాసు తెచ్చి నూకరాజు చేతిలో పెట్టింది. అతను గుమ్మం దగ్గరికి పోలేదు, స్టూలు మీద కూర్చుని మొత్తం తాగాడు.

పని అయింది. సాయిబు ప్యాంటు దులిపి, మడత పెట్టి అందించాడు. నూకరాజు తీసుకుని మడత విప్పాడు. అందరూ చూస్తుండగా, రెండు కాళ్ళనీ లోపలి వైపుకి తిరగేసి, కుట్టు వెంబడే వేలు పెట్టి చుట్టూ తడిమాడు. నడుము పట్టీ తిరగేశాడు. జేబులు బయటికి లాగి చూశాడు. సాయిబు తలొంచుకుని, ఖాళీ చేతులు ముందుకు చాచి అలాగే నిలబడి ఉన్నాడు. ఆయన్ని అంత చిన్నగా నేనెప్పుడూ చూడలేదు. నాకు బాధేసింది, తాళానికి బాధేమిటని మీరు నవ్వితే నవ్వండి.

"సూసుకోవాలి గదండి" అన్నాడు నూకరాజు.

"చూసుకో నాయనా" అన్నాడు సాయిబు.

లోపల నీలం ముక్క ఏదీ లేదు. బొగ్గు రంగు దారం తప్ప ఏమీ లేదు. నూకరాజు ప్యాంటుని సరిగ్గా తిప్పి, మడిచి, చంకలో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"రెండోదీ పొడుగేనండి. వొచ్చే సెలవుకి అట్టుకొస్తాను."

ఆ సాయంత్రం సాయిబు మిషనుకి నూనె పోసి, బొగ్గు రంగు దారం కండె ఒకటి ఏరి పక్కన పెట్టుకున్నాడు. రెండో ప్యాంటు తెచ్చినప్పుడు కూడా నూకరాజు దాన్ని తిరగేసి, కుట్టు కుట్టూ తడిమి చూస్తాడని నా అనుమానం. తప్పకుండా చూస్తాడు. కానీ తెస్తాడు.